సిరా పద్దు

మా కౌంటీలో మనిషిని లోపలికి రాసుకోవడానికి
నలభై మూడు డాలర్ల ఇరవై సెంట్లు.
ఆ ఇరవై సెంట్లు దేనికని
ఇంతవరకూ ఒక్కరే అడిగారు.
అది సిరా.

పదహారేళ్లుగా రాత్రి డ్యూటీ నాది,
టామరాక్ కౌంటీ జైలు, వెనక తలుపు పక్క కిటికీ.
బెల్టులు, బూటు లేసులు, కట్టుడు పళ్లు,
సబ్బు రాస్తే గాని ఊడిరాని ఉంగరాలు
అన్నీ లెక్కరాసి సంచిలో వేస్తాను.
నోట్లు మాత్రం విడిగా.
ముందు మా వంతు తీసుకోవాలి కదా.

వేలిముద్రలు ఇప్పుడు గాజు మీద.
అరచేయి కింద ఆకుపచ్చ వెలుగు పాకుతుంది, అంతే.
సిరా డబ్బా మూలన పడి ఆరేళ్లు,
దాని మీద నా కాఫీ కప్పు.

రేటు కట్టేముందు ఒకాయన వచ్చాడు,
పెర్సివల్ ఓడమ్, మెడలో స్టాప్‌వాచ్, చంకలో అట్ట.
"అసలు ఖర్చుకు మించి సెంటు కూడా వసూలు చేయకూడదు,
అసలు ఖర్చేమిటో చూడమన్నారు" అన్నాడు.
మంచివాడే. నాకూ ఒక డోనట్ తెచ్చాడు.
మూడు రాత్రులు నా వెనక కుర్చీ వేసుకుని
పేరు అడగడానికి ఎంతసేపు,
జోళ్లు విప్పించడానికి ఎంతసేపు,
కాగితం ఎంత, సబ్బు ఎంత.
సిరా పాత పట్టికలో ఉంది. కొట్టేయలేదు.

రెండో రాత్రి లెమ్యుయెల్ టిల్లరీని తెచ్చారు.
కట్టని ట్రాఫిక్ జరిమానా, పాత వారంటు.
పేరు చెప్పాడు. పుట్టిన తేదీ చెప్పాడు.
"ఆపదొస్తే ఎవరికి కబురు పెట్టాలి?" అన్నాను.
నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు.
భార్యను ఆ ఆదివారమే పూడ్చి వచ్చాడని
తర్వాతెప్పుడో తెలిసింది.
నేను కలం కింద పెట్టాను.
గార్డు బూట్ల వంక చూసుకున్నాడు.
ఓడమ్ వాచీ ఆపలేదు.
ఆపకూడదు, ఆయన పనే అది.
పదకొండు నిమిషాల నలభై సెకన్లకి
"ఎవరూ లేరని రాయండమ్మా" అన్నాడు టిల్లరీ.

మంగళవారం కమిషనర్ల సమావేశం.
ఎనిమిదో అంశం, మంచు ఊడ్చే బండికి కొత్త రేకు.
దానికి గంట పట్టింది:
ఏ కంపెనీది, ఎన్ని అంగుళాలు, ఎవరి బావమరిది కొట్లో.
తొమ్మిదోది మాది. నాలుగు నిమిషాలు.
పక్క కౌంటీలో ఎంత? అడిగాడు వెర్నన్ హోస్క్యాంప్.
యాభై.
అయితే మనం నయమే.
పట్నం పోలీసులు తెచ్చినవాడికి పట్నం కట్టదా?
కట్టదట, లాయరు చేత ఉత్తరం రాయించారు.
అయితే వచ్చినవాడే కట్టుకుంటాడు.
ఐదు చేతులు లేచాయి.
ఒక చేతి గోళ్లలో పొలం మట్టి ఇంకా ఉంది.

తిలాపాపం తలా పిడికెడు.
ఆ పదకొండు నిమిషాలూ సగటులో కరిగిపోయాయి.
తాగి వచ్చినవాడూ, తన్ని వచ్చినవాడూ,
తప్పు ఇల్లు తట్టి వచ్చినవాడూ
టిల్లరీ మౌనంలో తలో ముక్క కొంటున్నారు.
రసీదు మీద దాని పేరు "సిబ్బంది సమయం".

మొన్న రాత్రి ఓ పిల్ల, మారిబెత్ ఒచోవా,
పందొమ్మిదేళ్లు, బేకరీ పిండి ఇంకా మోచేతుల దాకా.
వారంటు మరో మారిబెత్‌ది.
తెల్లారి నాలుగింటికి ఆ సంగతి తేలింది.
అప్పటికి ఆమె ఇరవై ఆరు డాలర్లూ మా గల్లాలో,
మిగతాది ఆమె పేర అప్పు.
తిరిగి రావాలంటే ముప్పై రోజుల్లో అర్జీ,
అర్జీకి నోటరీ ముద్ర,
ముద్రకు పది డాలర్లు.
చెబుతుంటే నా నోరు నాకే ఎవరిదోలా ఉంది.

ఆమె రసీదు పైనుంచి కిందికి చదివింది.
వేలు పెట్టి ఒక్కో వరుస.
"ఈ ఇరవై సెంట్లు?"
"సిరా."
తన చేతులు తిప్పి చూసుకుంది.
నేను కాఫీ కప్పు పక్కకు జరిపి
డబ్బా మూత తీసి చూపించాను.

బొటనవేలు ఆనించి, గట్టిగా అదిమి,
రసీదు మీద ఒత్తింది.
ఏమీ పడలేదు.

అయినా ఆ వేలిని
జీన్స్‌కు రెండుసార్లు తుడుచుకుని
బస్సు ఎన్నింటికి అని అడిగింది.